జొన్న మొవ్వు ఈగ: జీవితచరిత్ర, వ్యాప్తి, నివారణ మార్గములు

తొలకరి వానకు విత్తిన జొన్న చక్కగా మొలచి, సాళ్లు తీరి, పది పదునైదు దినములు పచ్చగా నుండి, పిమ్మట ఒక్కొక్క మొక్కకు నడుమనున్న మొవ్వు మాత్రము వాడి ఎండిపోవుట జొన్న పండించు రైతులెల్లరును చూచియే యుందురు. ప్రక్క ఆకులు పచ్చగనే యుండును. వేరునకు చెద పట్టలేదు. నేలలో పదునును తగ్గలేదు. అయినను మొక్క ఎదుగదు. దీనికి కొందరు భూమిలోని వేడి కారణమనియు, కొందరు మంచు కారణమనియు, మరికొందరు దృష్టిదోషమనియు చెప్పుదురు. ఇవి యేవియు కారణములు కావు. ఇది యొక చిన్న ఈగ పని. దానిని మొవ్వు ఈగ యని పిలుతురు.

ఆ ఈగ యెట్టిది, అది గ్రుడ్లు పెట్టు చోటెయ్యది, దాని పిల్లపురుగు ఏ త్రోవను మొక్కలోనికి పోవును, ఏ కార్తెలలో దాని బలము హెచ్చును, రైతు స్వల్పవ్యయముతో చేయగలిగినదేమి అను సంగతులు ఈ కరపత్రమునందు వివరింపబడినవి. ఇందలి ఉపాయములలో పెక్కింటికి సొమ్ము అక్కరలేదు; అదను తప్పకుండుటయే ముఖ్యము. చదువనేర్చినవారు దీనిని చదువురాని పొరుగువారికి చదివి వినిపింపవలెనని కోరడమైనది.

1. ఈగ స్వరూపము

మొవ్వు ఈగ మన యిండ్లలో ముసురు ఈగల కుటుంబమునకే చెందినది. కాని వానికంటె చిన్నది. దాని పొడవు 4 మొదలు 5 మిల్లీమీటర్లు మాత్రమే. రంగు బూడిద వన్నె. ఆడుఈగ పొట్ట పసుపు వన్నెగా నుండి, దానిమీద నల్లని మచ్చలు జంటలు జంటలుగా కనబడును. శాస్త్రజ్ఞులు దీనిని అథెరిగోనా సొక్కాటా అందురు. ఇటలీ దేశస్థుడగు కామిల్లో రొండాని అను పండితుడు 1871వ సంవత్సరమున దీనిని వర్ణించి ఈ పేరు పెట్టెను.

ఈగకు ఆకును నమలు నోరు లేదు. కావున ఎగిరెడి ఈగ పైరునకు స్వయముగా ఏ హానియు చేయదు. నష్టమంతయు దాని పిల్లపురుగు వలన కలుగునదే. ఈ భేదమును రైతు మనస్సున నుంచుకొనవలయును. ఏలయనగా నివారణోపాయములన్నియు దీనిపై ఆధారపడి యున్నవి.

2. జీవితచరిత్ర

ఈ ఈగ బ్రదుకునందు గ్రుడ్డు, పురుగు, గూడు, ఈగ అని నాలుగు దశలు గలవు.

గ్రుడ్డు: జొన్న మొలక నేలపైకి వచ్చిన వారము దినములనుండి ఆడుఈగ చేనికి వచ్చును. అది ఆకు అడుగుభాగమున, నడిమి ఈనెకు సమముగా, ఒక్కొక్క గ్రుడ్డు చొప్పున అంటించును. సాధారణముగా మూడవ, నాలుగవ, అయిదవ ఆకులను కోరుకొనును. గ్రుడ్డు తెల్లగా, సన్నగా, పొడవుగా నుండును. ఉదయమున ఆకును త్రిప్పి వెలుతురునకు పట్టి చూచిన యెడల అది కంటికి కనబడును. ఒక ఆడుఈగ 20 మొదలు 25 గ్రుడ్ల వరకు, ఒక్కొకప్పుడు అంతకంటె హెచ్చుగా పెట్టును. వానినన్నిటిని ఒక మొక్కకే పెట్టక, పెక్కు మొక్కలకు పంచిపెట్టును. కావున ఒక ఈగయే అనేక మొక్కలను చెరుపగలదు.

పురుగు: గ్రుడ్డు ఒకటి రెండు దినములలో పగులును. అది తరచుగా తెల్లవారుజాముననే పగులును. అప్పుడు ఆకులపై మంచు తడి యుండును. కంటికి ఆననంత చిన్నదగు పిల్లపురుగు ఆ తడిలో ప్రాకి మొవ్వు సుడిలోనికి జేరి, ఆకుల మడతల నడుమగా క్రిందికి దిగి, మొక్కకు ప్రాణమనదగిన ఎదుగు మొనను కోసివేయును. అంతట మొవ్వు ఆకు వాడి కుళ్లుటకు ప్రారంభించును. పురుగు పచ్చి కండను గాక, ఆ కుళ్లిన భాగమును తిని పెరుగును. ఒక మొక్కలో రెండు మూడు పురుగులు ప్రవేశించినను సాధారణముగా ఒక్కటియే బ్రదికి పెద్దదగును. అది పసుపు వన్నె గలిగి, కాళ్లు లేక, ఒక కొన సన్నగా నుండును. పురుగు దశ 8 మొదలు 10 దినములు.

గూడు: పెరిగిన పురుగు మొక్క మొదటియందో, ప్రక్కనున్న మట్టిలోనో ఎఱ్ఱగోధుమ వన్నె గల గూడుగా మారి, సుమారు 8 దినములు కదలక యుండి, పిమ్మట ఈగయై వెలువడును.

గ్రుడ్డు మొదలు ఈగ వరకు మొత్తము 17 మొదలు 21 దినములు పట్టును. అనగా మూడు వారములకు ఒక తరము. ఈ లెక్క మిక్కిలి ముఖ్యమైనది. ఒక ఆడుఈగ పెట్టిన గ్రుడ్లలో వాన, ఎండ, సాలీళ్లు మొదలగువాని పాలు పోను నాలుగు ఆడుఈగలు మాత్రమే మిగులునని అనుకొందము. మూడు వారములకు నాలుగు, ఆరు వారములకు పదునారు, తొమ్మిది వారములకు అరువదినాలుగు అగును. అప్పు మీద చక్రవడ్డి పెరిగినట్లు ఈగ పెరుగును. ముందు విత్తిన రైతుకు అసలు మాత్రమే తగులును. ఆలస్యముగా విత్తిన రైతు వడ్డీతో కూడ చెల్లించుకొనును.

3. దెబ్బ తగిలిన మొక్కను గుర్తించుట

మొవ్వు ఈగ పట్టిన మొక్క నడిమి ఆకు మాత్రమే ఎండి, చుట్టునున్న ఆకులు పచ్చగా నుండును. ఎండిన మొవ్వును వ్రేళ్లతో పట్టి లాగినయెడల సులభముగా ఊడివచ్చును. దాని మొదలు కుళ్లి దుర్వాసన కొట్టును.

కాండము తొలుచు పురుగు పట్టినను మొవ్వు ఎండుట కలదు. కావున రెంటికిని గల భేదము తెలియవలయును. కాండము తొలుచు పురుగు రెక్కల చిలుక సంతానము. దాని గ్రుడ్లు పొలుసుల వలె ఒకదానిపై నొకటి గుంపుగా నుండును. దాని పురుగులు మొదట ఆకులను తినుటచే, విచ్చుకొన్న ఆకులపై వరుసగా చిల్లులు కనబడును. ఆ పురుగునకు తల, కాళ్లు స్పష్టముగా నుండును. అది పైరు ఎదిగిన పిదప గూడ దంటును తొలుచుచు కంకి వరకు పోవును. మొవ్వు ఈగ యన్ననో మొలక మొదలు సుమారు 30 దినముల వరకే భయము. అటుపిమ్మట దంటు గట్టిపడును గనుక పురుగునకు పట్టు దొరకదు.

కావున జొన్నకు మొదటి నెలయే గండము. ఈ నెల గడచిన పైరు ఈ ఈగ చేతినుండి తప్పించుకొన్నదనియే తలంపవచ్చును.

మొవ్వు చచ్చిన మొక్క వెంటనే పూర్తిగా చావదు. దాని మొదట ప్రక్క పిలకలు పుట్టును. కాలము మంచిదైనచో ఆ పిలకలు ఎదిగి చిన్న కంకులు వేయును. కాని ఈగలు మెండుగా నున్నయెడల ఆ పిలకల మొవ్వులును చచ్చును. అప్పుడు మొక్క పొదవలె గుబురుగా నుండునే గాని కంకి యుండదు. ఉన్నను ఆలస్యముగా వచ్చి పిట్టల పాలగును.

4. ఏ కాలమున హెచ్చును?

వేసవిలో ఈగల సంఖ్య మిక్కిలి తక్కువ. ఉష్ణము 35 డిగ్రీలకు మించినను, 18 డిగ్రీలకు తగ్గినను ఇవి సరిగా బ్రదుకజాలవు. ఎడతెగని వానయు వీనికి గిట్టదు. మితమైన వేడిమి, గాలిలో చెమ్మ, రాత్రి మంచు గల దినములు వీనికి అనుకూలములు. కావున వేసవి వెళ్లిన పిమ్మట కొలదిగా మిగిలిన ఈగలు జూలై నెలనుండి పెరుగ నారంభించి, ఆగస్టు, సెప్టెంబరు నెలలలో అధికమై, పిదప తగ్గుచు వచ్చును.

దీనినిబట్టి రెండు సంగతులు తేలుచున్నవి. మొదటిది: పునాస జొన్నను ఎంత ముందు విత్తిన అంత మేలు. మృగశిర, ఆరుద్ర కార్తెలలో విత్తిన చేను ఈగలు పెరుగకమునుపే నెల దాటును. పునర్వసు, పుష్యమి వరకు ఆగిన చేనికి ముప్పు హెచ్చును. రెండవది: యాసంగి జొన్నను సెప్టెంబరునందే తొందరపడి విత్తినచో, మొలకలు ఈగలు మెండుగా నున్న దినములలో పైకి వచ్చును. నల్లరేగడి భూములలో సెప్టెంబరు చివరినుండి అక్టోబరు మొదటి వారము వరకు, అనగా హస్త కార్తెలో విత్తుట యుక్తము. అంతకంటెను ఆలస్యము చేసినచో ఈగ తగ్గవచ్చును గాని నేలలోని పదును ఆరిపోవును. పదునును పోగొట్టుకొని ఈగను తప్పించుకొనుట లాభము కాదు.

వానలు సరిగా కురియక, ఊరిలో ఒకరు నేడును, ఒకరు రెండు వారములకును, ఇంకొకరు నెలకును విత్తిన సంవత్సరమే ఈగకు పండుగ. దానికి ఎల్లప్పుడు లేత మొలకలు దొరుకుచుండును. ముందరి చేనిలో పుట్టిన ఈగలు గట్టు దాటి వెనుకటి చేనిమీద పడును.

5. వ్యాప్తి

ఈ ఈగ ఆసియా, ఆఫ్రికా ఖండములందును, ఐరోపాలో మధ్యధరా సముద్ర తీరములందును గలదు. అమెరికా ఖండములందు గాని, ఆస్ట్రేలియాయందు గాని లేదు. భారతదేశమున జొన్న పండు ప్రాంతములన్నిటను ఉన్నది. తెలంగాణ, రాయలసీమ, కర్ణాటక, మహారాష్ట్రముల మెట్టభూములలో ఇది రైతులకు చిరపరిచితమైన శత్రువు.

దీని జాతివి ఇంకను పెక్కు ఈగలు గలవు. సజ్జను ఒకటి, సామలను ఒకటి, వరిని ఒకటి ఆశ్రయించి యుండును. మన మొవ్వు ఈగకు మాత్రము జొన్నయే ముఖ్యాహారము. చేనిలో జొన్న లేని దినములలో ఇది కోసిన చేని కొయ్యకాళ్లనుండి పుట్టు పిలకలమీదను, రాలిన గింజలు మొలచిన మొక్కలమీదను, అడవిజొన్నల వంటి గడ్డిజాతి మొక్కలమీదను తల దాచుకొనును.

అమెరికాయందు ఈ ఈగ లేకుండుటకును మన చేలకును ఒక సంబంధము గలదు. అక్కడి జొన్నలు ఈ శత్రువును ఎన్నడును ఎఱుగక పెరిగినవి. కావున వానికి దీనిని ఎదుర్కొను శక్తి లేదు. మనదేశమున 1964వ సంవత్సరమున విడుదలయైన మొదటి సంకరజొన్న సి.ఎస్.హెచ్. 1నకు తల్లి అమెరికానుండి తెచ్చిన పొట్టిజొన్న. ఆ సంకరజొన్న దిగుబడి మెండుగా నిచ్చినది గాని, ఆలస్యముగా విత్తినచోట్ల మొవ్వు ఈగకు సులభముగా లొంగినది. నాటుజొన్నలలో శతాబ్దములుగా నిలిచిన ఓర్పు ఎంత విలువగలదో అప్పుడు తెలియవచ్చినది.

6. మొక్కకు గల స్వరక్షణ

అన్ని జొన్నలును ఒకే రీతిగా దెబ్బతినవు. ఈ విషయమును బి. డబ్ల్యు. ఎక్స్. పొన్నయ్యగారు పరిశీలించి 1951లో ప్రకటించిరి. 1972లో పటాన్‌చెరునందు స్థాపింపబడిన ఇక్రిశాట్ సంస్థయు, రాజేంద్రనగరునందలి పరిశోధనాలయమును లోకమునందలి వేలకొలది జొన్న రకములను ఈగకు ఒప్పగించి పరీక్షించినవి.

ఆ పరీక్షలవలన తేలినదేమనగా: మొలక దశయందు ఆకులు నూనె పూసినట్లు మెఱయుచు, పలుచగా, నిటారుగా నుండు రకములపై ఈగ తక్కువ గ్రుడ్లు పెట్టును. ఆకు అడుగున సన్నని నూగు గల రకములలో గ్రుడ్లు పెట్టుటయు, పురుగు ప్రాకుటయు కష్టమగును. మొవ్వు ఆకుపై తడి నిలువని రకములలో పురుగు క్రిందికి దిగుట ఆలస్యమై, దారిలోనే ఎండి చచ్చును. మొదటి దినములలో చురుకుగా ఎదుగు మొలకలు గండమును త్వరగా దాటును. మోహోల్ క్షేత్రమున నాటు మాల్దండి జొన్నలనుండి ఏరబడిన ఎం. 35-1 అను యాసంగి రకమునకు ఈ ఓర్పు కొంతవరకు గలదు.

అయినను ఈగ ఏమాత్రము తాకని జొన్న ఏదియు లేదు. ఓర్పుగల రకమును విత్తినను దిగువ చెప్పబడు జాగ్రత్తలు మానరాదు.

7. రైతులు చేయవలసిన పనులు

(అ) కోత యైన వెంటనే దుక్కి దున్ని కొయ్యకాళ్లను పెకలించి ఏరివేయవలెను. గట్లమీద తనంతట మొలచిన జొన్నను పీకివేయవలెను. వేసవిలో ఈగకు నిలువనీడ లేకుండ చేయుటయే మొదటి నివారణ.

(ఆ) తొలకరి పదును అందిన 7 మొదలు 10 దినములలోపల పునాస జొన్న విత్తుట ముగింపవలెను. నేల దుక్కి, విత్తనము, గొఱ్ఱు ముందుగానే సిద్ధపరచుకొననిదే ఇది సాగదు.

(ఇ) విత్తనము కొంచెము హెచ్చుగా వేయవలెను. ఎకరమునకు 4 కిలోలు వేయు వాడుక గలచోట 5 కిలోలు వేసి, రెండు మూడు వారముల పిమ్మట పలుచన చేయవలెను. పలుచన చేయునప్పుడు మొవ్వు చచ్చిన మొక్కలనే ముందు తీసివేయవలెను. సాలుకు సాలుకు 45 సెంటీమీటర్లు, మొక్కకు మొక్కకు 12 మొదలు 15 సెంటీమీటర్లు ఎడమున్న చాలును.

(ఈ) చచ్చిన మొవ్వును మాత్రము లాగి పారవేయుట నిరుపయోగము. పురుగు మొక్క మొదటియందే యుండును. కావున మొక్కను వేరుతో సహా పెకలించి, చేని బయట లోతుగా పూడ్చవలెను, లేక కాల్చవలెను. గట్టుమీద కుప్పవేసినచో పురుగు మట్టిలోనికి దిగి ఈగయై తిరిగి చేనికే వచ్చును.

(ఉ) వాన ఆలస్యమై విత్తుట తప్పనిసరిగా వెనుకబడినప్పుడు, ఇమిడాక్లోప్రిడ్ లేక థయామిథాక్సామ్ మందు పట్టించిన విత్తనము వాడవచ్చును. ఆ మందు మొలకతో కూడ పైకి వచ్చి, గండము గల మొదటి దినములలో పురుగును చంపును. మోతాదు మండల వ్యవసాయాధికారిని అడిగి, సంచిపై వ్రాసిన ప్రకారమే వేయవలెను. చేతులకు తొడుగు లేనిదే కలుపరాదు. మిగిలిన విత్తనమును పిండి పట్టింపరాదు, కోళ్లకు వేయరాదు.

(ఊ) మొవ్వు ఎండిన తరువాత మందు చల్లి ప్రయోజనము లేదు. అప్పటికి పురుగు లోపల భద్రముగా నున్నది. ఎండిన మొవ్వు పచ్చబడదు. కావున మొలచిన వారము దినములనుండి చేనిని చూచుచుండవలెను. చేనిలో అయిదు చోట్ల ఇరువదేసి మొక్కలను లెక్కించి, నూటికి పది మొక్కలకు మొవ్వు చచ్చినట్లు తేలినచో ఆలసింపక వ్యవసాయాధికారికి తెలుపవలెను. మిగిలిన మొక్కలను కాపాడుటకు ఆయన తగిన మందు చెప్పును.

(ఋ) ఎండుచేపల పొడి వాసనకు ఈ ఈగలు, ముఖ్యముగా ఆడుఈగలు, దూరమునుండి వచ్చును. తడిపిన చేపపొడిని మందుతో కూడ ఎరబుట్టలలో నుంచి, ఎకరమునకు నాలుగు చొప్పున మొదటి నెల కట్టిన కొన్ని ఈగలు చచ్చును. మందు లేక చేపపొడిని ఊరక చేనిలో చల్లరాదు. పరిశోధకులు పరీక్షకొరకు ఈగలను పిలుచుటకు చేయు పని అదియే.

(ౠ) జొన్నతో కంది సాళ్లు కలిపి విత్తుట మన పెద్దల వాడుక. ఈగవలన జొన్న పలుచబడినను కంది నిలుచును. సంవత్సరము బొత్తిగా పోదు.

8. పశువుల విషయమై హెచ్చరిక

పీకిన జొన్న మొలకలను చూచి, వృథాయేల యని పశువులకు వేయు రైతులు గలరు. ఇది ప్రాణాంతకము. లేతజొన్నలోను, దెబ్బతిని గిడసబారిన మొక్కలలోను, కొయ్యకాళ్లకు పుట్టిన పిలకలలోను ఒక విషము గలదు. దీనినే మన పెద్దలు నాము అనిరి. నాము తిన్న పశువు రొప్పుచు, వణకుచు, తూలి పడి, ఒక్క గడియలోనే చచ్చుటయు కలదు. అట్టి గుర్తులు కనబడిన క్షణమున పశువైద్యుని పిలువవలెను. వేళకు సోడియం థయోసల్ఫేటు సూదిమందు పడినచో బ్రదుకు ఆశ గలదు. మొవ్వు చచ్చి పొదలు కట్టిన చేనిని పాడయినదని పశువులకు విడుచుట మఱియు ప్రమాదకరము. ఈగ చేనినే తినెను. నాము ఎడ్లను గూడ తినును. ఎడ్లు పోయిన రైతు మరుసటి యేడు అదనున విత్తలేడు.

9. ముగింపు

ఒక రైతు ఎంత జాగరూకుడైనను తన గట్టువరకే కాపాడుకొనగలడు. ఈగకు గట్టులు లేవు. ఊరిలో కొయ్యకాళ్లు తీయని చేను ఒకటి యున్నను అది అందరి చేలకు ఈగలను పెంచి యిచ్చును. విత్తుటయందును ఇంతే. సాధారణముగా వెనుకబడి విత్తువాడు సోమరి గాడు. సొంత యెడ్లు లేక, బాడుగ గొఱ్ఱు కొరకు గాని ట్రాక్టరు కొరకు గాని అందరి పని యగువరకు కాచుకొని యుండు బీదరైతు. ఊరి ఈగలన్నియు చివరకు అతని మొలకలపై పడును. అతడు రెండవమారు విత్తుటకు విత్తనమును అప్పు తెచ్చును. ఆ మొలకలు మఱియు ఆలస్యమైనవగుటచే మఱియు దెబ్బతినును.

కావున కలిగినవారు తమ పని ముగియగానే ఎడ్లను, గొఱ్ఱును పొరుగువారికి ఒక పూట యిచ్చి, ఊరి జొన్న యంతయు వారము పది దినములలో విత్తబడునట్లు చూచుట ధర్మమే గాక లాభము కూడ. వెనుకబడిన చేను లేని ఊరిలో ఈగకు రెండవ తరమున తిండి దొరకదు. గ్రామ పెద్దలు తొలకరికి ముందే రైతులను చేర్చి, ఎవరికి ఎడ్లు లేవో, ఎవరికి విత్తనము లేదో విచారించి, ఏర్పాటు చేయుదురని ఆశింపబడుచున్నది.

జ్ఞాపకముంచుకొనవలసినవి: కొయ్యకాళ్లు పెకలింపుము. అదనున విత్తుము. విత్తనము హెచ్చుగా వేయుము. చచ్చిన మొక్కను వేరుతో తీయుము. పీకినదానిని పశువునకు వేయకుము. పొరుగువానిని వెనుక విడువకుము.